చిత్రము క్రింద పేరు

త్యాగరాజస్వామి (1767–1847) కృతిని ఎవరు పాడినను, ఎక్కడ పాడినను, చివరి చరణమున ఆయన పేరు వినిపించును. క్షేత్రయ్య పదములకు ‘మువ్వగోపాల’ ముద్రయు అట్టిదే. నోటినుండి నోటికి సాగివచ్చిన పాటలలో సైతము కర్త గుర్తును గాయకులు చెరిపివేయలేదు.

ఛాయాచిత్రము అంత అదృష్టము చేసికొనలేదు. అంతర్జాలమునుండి బొమ్మ క్షణములో మన చేతికి వచ్చును. తీసినవారి పేరు అక్కడనే మిగిలిపోవును. పాఠశాల సంచికలో గోలకొండ కోట బొమ్మ క్రింద ‘గూగుల్ సౌజన్యముతో’ అని వ్రాసి తృప్తిపడుచున్నాము. గూగుల్ ఆ బొమ్మను తీయలేదు. ఉన్నచోటు చూపినది, అంతే. దారి చూపినవానిని ఇంటి యజమాని యందుమా?

పేరు చెప్పుట వేరు, అనుమతి పొందుట వేరు. 1957 నాటి మన కాపీరైటు చట్టము ప్రకారము రచనపై హక్కు కర్త జీవితకాలమును, ఆ పిమ్మట 60 సంవత్సరములును నిలుచును. 2012 సవరణతో ఛాయాచిత్రమునకును ఇదే గడువు వర్తించినది. తరగతి బోధనలో ఉపాధ్యాయుడుగాని విద్యార్థిగాని ప్రతి తీసికొనుటకు చట్టమే వెసులుబాటు కల్పించినది. అదే చిత్రమును సంచికలో అచ్చొత్తించి పదిమందికి పంచునపుడు ఆ వెసులుబాటు చాలునని తలపరాదు.

మరి చిన్న బడికి దారి యేది? 2002లో క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు వెలువడినవి. వీనితో కర్తయే ముందుగా అనుమతి నిచ్చును. ప్రతిఫలముగా ఆయన కోరునది ముఖ్యముగా ఒక్కటే: తన పేరు చెప్పవలెను. వ్యాపారమునకు వాడరాదని, మార్పులు చేయరాదని కొందరు షరతులు చేర్తురు. వానిని చదివి పాటింపవలెను. 2004లో ఆరంభమైన వికీమీడియా కామన్స్‌లో ఉచితముగా వాడుకొనదగిన చిత్రములు కోట్లకొలది కలవు. చిత్రము పేరు, తీసినవారి పేరు, లభించిన చోటు, లైసెన్సు పేరు — బొమ్మ క్రింద ఒక్క పంక్తి చాలును. మార్పు చేసినచో ఆ మాటయు చేర్పవలెను.

తాను వేసిన బొమ్మ పేరు లేకుండ అచ్చయినచో, పదవ తరగతి బాలిక ఎవ్వరితోను ఏమియు అనదు. సంచికను మూసి ప్రక్కన పెట్టును. ఆమె మొగము చూచిన ఉపాధ్యాయునకు ఈ ధర్మమును వేరుగా బోధింప నక్కరలేదు.