ఇంట్లో కొలిచిన రక్తపోటు - దూరాన ఉన్న వైద్యునికి చేరే లెక్క

అధిక రక్తపోటు చాప కింద నీరు వంటిది. ఏ బాధా తెలియనీయకుండానే ఏళ్ళ తరబడి గుండెను, మూత్రపిండాలను, మెదడులోని రక్తనాళాలను దెబ్బతీస్తుంది. ఆయుర్వేద వైద్యునిగా నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఒక్కటే: "మాత్రలు మాని మూలికలతో సరిపెట్టుకోవచ్చునా?" నేను తిరిగి అడిగేదీ ఒక్కటే: "ఈ వారం రోజులలో మీ రక్తపోటు ఎంతెంత ఉన్నది?" దీనికి జవాబు చెప్పగలవారు అరుదు.

వైద్యశాలలో ఒక్కసారి చూసిన అంకె చాలదు. కొందరికి వైద్యుని ఎదుట కూర్చోగానే పోటు పెరుగుతుంది. మరికొందరికి అక్కడ సరిగా ఉండి, ఇంట్లో ఎక్కువగా ఉంటుంది. ఈ రెండవ తరహా వారి వ్యాధి బయటపడదు కనుక మరింత ప్రమాదకరం.

కొలిచే పద్ధతి

మణికట్టుకు కాక, దండచేతికి పట్టీ చుట్టే యంత్రం మేలు. పట్టీ చేతి లావుకు సరిపోవాలి; బిగుతుగా, చిన్నదిగా ఉంటే అంకె ఎక్కువగా చూపుతుంది. కొలిచే ముందు అరగంట వరకు కాఫీ, టీ, పొగ, వ్యాయామం ఉండరాదు. మూత్రవిసర్జన చేసి, కుర్చీకి వీపు ఆనించి, పాదాలు నేలపై మోపి, అయిదు నిమిషాలు మౌనంగా కూర్చోవాలి. చేయి గుండె ఎత్తున బల్లపై ఉండాలి. ఉదయం మాత్రకు, ఫలహారానికి ముందు రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, నిమిషం వ్యవధితో కొలిచి వ్రాసుకోవాలి. ఇలా ఏడు రోజులు చేసి, మొదటి రోజు లెక్క వదలి, తక్కినవాటి సగటు తీయాలి. అది 135/85కు చేరినా, దాటినా అధిక రక్తపోటే. వైద్యశాలలో చూసే 140/90కి ఇది సమానం.

లెక్క ఎవరికి చేరాలి?

పిల్లలు బెంగుళూరులోనో, అమెరికాలోనో ఉండగా పెద్దలు ఊళ్ళో ఒంటరిగా ఉంటున్న ఇళ్ళు నేడు ఎన్నో. తెనాలి ప్రాంతపు ఒక తల్లి, ఒకనాడు 126/78 కనబడగానే "తగ్గిపోయింది" అని మాత్ర మానివేశారు. కుమార్తె కోరిక మేరకు రోజూ పుస్తకం పుటను ఫోనులో ఫోటో తీసి పంపుతుండడంతో, పది రోజులలో అంకె 160 దాటడం తెలిసింది. వైద్యుడు అదే రోజున మందు తిరిగి ప్రారంభింపజేశారు. ఆ 126 మాత్ర చలవే!

బ్రిటన్‌లో 1,182 మందిపై జరిపి 2018లో ప్రచురించిన పరిశీలనలో, ఇంట్లో కొలిచిన అంకెలను చూసి వైద్యులు మందు సవరించినవారికి, మామూలు చికిత్స పొందినవారి కంటె ఏడాది తరువాత పై అంకె 3 నుండి 5 మి.మీ. తక్కువగా ఉన్నది. కొలవడమే ఔషధం కాదు. ఆ లెక్క చూసి మందు సవరించే వైద్యుడు అవతల ఉండాలి. మన దేశంలో 2020 మార్చిలో దూరవైద్యానికి నియమావళి వెలువడింది.

వంటింటి జాగ్రత్తలు

రోజుకు ఉప్పు అన్నింటా కలిపి 5 గ్రాములకు, అనగా చెంచాడుకు మించరాదు. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలే మన ఇళ్ళలో ఈ హద్దు దాటిస్తాయి. మజ్జిగలో ఉప్పు మానండి. దగ్గుకు వాడే అతిమధురం రక్తపోటును పెంచుతుంది. ఈ వ్యాధి ఉన్నవారు దానిని వాడరాదు.

సర్పగంధ నిజంగానే శక్తి గల మూలిక. బొంబాయి వైద్యుడు రుస్తుం జల్ వకీల్ 1949లో దాని గుణాన్ని ప్రపంచానికి చాటారు. అందుకే సొంతంగా వాడరాదు: మనసు క్రుంగదీయవచ్చు, ఇతర మాత్రలతో కలిస్తే పోటు మితిమీరి పడిపోవచ్చు.

180/120 దాటితే అయిదు నిమిషాలు ఆగి మళ్ళీ చూడండి. తగ్గకుంటే అదే రోజు వైద్యునితో మాట్లాడండి. ఛాతీనొప్పి, ఆయాసం, మాట తడబాటు, కాలుచేతుల బలహీనత ఉంటే మాత్రం ఆగక 108కి ఫోను చేయండి. మూలికలు, పథ్యం చికిత్సకు తోడు మాత్రమే. మందు తగ్గించాలన్నా, మానాలన్నా మీ పుస్తకంలోని అంకెలు చూసి వైద్యుడే నిర్ణయించాలి.