సున్నపు వేడిమి, యూరియా చల్లదనం

బోర్డో మిశ్రమం తయారీని బోధించేటప్పుడు మనం విద్యార్థులచేత నిష్పత్తులను కంఠస్థం చేయిస్తాము. మైలుతుత్తం 1 కిలో, సున్నం 1 కిలో, నీరు 100 లీటర్లు. పేస్టుకైతే నీరు 10 లీటర్లే. ఈ రెండు వాక్యాల మధ్య దాగి ఉన్న ప్రమాదాన్ని నేను చాలా ఏళ్ళు ఏ తరగతిలోనూ ప్రస్తావించలేదు. ఒక బత్తాయి తోటలో, బంక తెగులు నివారణకు చెట్ల మొదళ్ళకు పేస్టు పూయించే ప్రదర్శనలో, సున్నం కలుపుతున్న కూలీ ముంజేయి కాలింది. ఆయన ఏటా మిశ్రమానికి కలిపే తీరుగానే కలిపారు. చెప్పవలసినది చెప్పని లోపం నాది.

పొడి సున్నం, అనగా కాల్షియం ఆక్సైడ్, నీటితో కలిసి కాల్షియం హైడ్రాక్సైడ్‌గా మారడం ఉష్ణమోచక చర్య. కొత్త బంధాలు ఏర్పడినప్పుడు వెలువడే శక్తి, పాత బంధాలను తెంచడానికి కావలసిన శక్తికంటె అధికం; ఆ మిగులే వేడిమి. మోలుకు సుమారు 65 కిలోజౌళ్ళు, అంటే కిలో శుద్ధమైన సున్నానికి దాదాపు 1,160 కిలోజౌళ్ళు. సున్నపురాయిని బట్టీలో కాల్చినప్పుడు అది గ్రహించిన శక్తిలో కొంత భాగమే ఇప్పుడు తిరిగి వస్తున్నదని గమనించాలి.

ఇక లెక్క చూద్దాం. మిశ్రమానికి కిలో సున్నాన్ని 50 లీటర్ల నీటిలో కలిపితే ఉష్ణోగ్రత 5 లేక 6 డిగ్రీలు పెరుగుతుంది. చేతికి తెలిసీ తెలియనట్లుంటుంది. పేస్టుకు అదే సున్నం 5 లీటర్లలో పడుతుంది. పెరుగుదల సుమారు 55 డిగ్రీలు. నీరు 30 డిగ్రీల వద్ద ఉంటే ద్రావణం 85కు చేరుతుంది. గడ్డల చుట్టూ నీరు మరిగి చిందుతుంది కూడా. పైగా అది తీవ్రమైన క్షారం. వేడిమి, క్షారం రెండూ కలిసి చర్మాన్ని, అంతకంటె ముఖ్యంగా కంటిని, గాయపరుస్తాయి.

కావున పేస్టుకు సున్నాన్ని ముందురోజే, మట్టి తొట్టిలో, నీటిలోకి కొద్దికొద్దిగా వేస్తూ విరియించి మూతపెట్టడం మేలు. పలుచని ప్లాస్టిక్ బకెట్టు ఈ పనికి తగదు. కంటిలో పడితే వెంటనే ధారాళమైన నీటితో కనీసం 20 నిమిషాలు కడిగి వైద్యుని వద్దకు తీసుకొనిపోవాలి. చల్లారనివ్వడానికి మరొక కారణమూ ఉన్నది: వేడి సున్నంలో మైలుతుత్తం పోస్తే నీలి కాపర్ హైడ్రాక్సైడ్ నల్లని ఆక్సైడ్‌గా మారుతుంది, మందు చెడుతుంది.

వేడి పుట్టలేదంటే సున్నం పాడైందని కొందరు రైతులు అంటారు. ఇది సగమే నిజం. ముందే విరిసిన సున్నమూ వేడెక్కదు, కాని పనికివస్తుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి కార్బనేట్‌గా మారినదే పనికిరాదు. ఆ తేడాను తేల్చేది కొడవలి పరీక్ష: మిశ్రమంలో ముంచిన ఇనుముపై ఎర్రని రాగిపూత కనబడితే ఇంకా సున్నం కావాలి, లేనిచో ఆకులు మాడుతాయి.

యూరియా కథ దీనికి వ్యతిరేకం. ఖచ్చితంగా చెప్పాలంటే అది రసాయన చర్య కాదు, కరగడం మాత్రమే, అయినా ఉష్ణగ్రాహకం. స్ఫటికాన్ని విడదీయడానికి కావలసిన శక్తిని నీటినుండే తీసుకుంటుంది, గ్రాముకు సుమారు 250 జౌళ్ళు. అరచేతిలో నీరు పోసి నాలుగు గుళికలు వేస్తే చల్లగా తగులుతుంది. దీనిని కల్తీ పరీక్షగా చెప్పడం పరిపాటి. నాకు దానిపై పూర్తి నమ్మకం లేదు. పొటాష్ ఎరువు కూడా గ్రాముకు 230 జౌళ్ళు గ్రహిస్తుంది. ఉప్పు 66 మాత్రమే గ్రహిస్తుంది, కాని పాక్షికంగా ఉప్పు కలిసిన ఎరువు వేళ్ళకు చల్లగానే ఉంటుంది. అనుమానం కలిగినచో నమూనాను ప్రయోగశాలకు పంపడమే మార్గం. 2 శాతం పిచికారీ ద్రావణంలో చల్లదనం ఒక డిగ్రీకి కొంచెం పైన. పైరుకు దానివల్ల హాని లేదు.

ఆ ప్రదర్శన తరువాత మా ప్రాక్టికల్ తరగతిలో ఉష్ణమాపకం చేరింది. విద్యార్థులు ముందు లెక్కగట్టి, అటుపిమ్మట సున్నం కలిపి కొలుస్తారు. వచ్చే విలువ లెక్కకంటె ఎప్పుడూ తక్కువే. తొట్టి తీసుకున్న వేడిమి ఎంతో, సున్నంలోని మలినం ఎంతో వారు చర్చించుకుంటారు.