అడవినాభి: పువ్వు అందం, దుంప విషం

తొలకరి పడగానే నల్లమల, ఎర్రమల, పాలకొండల చిట్టడవుల్లోనూ, చేల కంచెల్లోనూ ఒక తీగ మొలుస్తుంది. ఆకు కొస నులితీగలా మారి పక్క పొదను చుట్టుకుంటుంది. వానాకాలంలో పూసే పువ్వుకు ఆరు రేకులు. వంకరటింకర అంచులతో మంటలా పైకి లేచి ఉంటాయి. మొదట పసుపు, తరవాత ఎరుపు. ఇదే అడవినాభి. పువ్వును బట్టి అగ్నిశిఖ అనీ, నాగలివంటి దుంపను బట్టి లాంగలి అనీ సంస్కృతంలో పేర్లు.

చలికాలానికి తీగ ఎండిపోతుంది. దుంప మాత్రం భూమిలో బతికే ఉంటుంది. ప్రమాదమంతా అప్పుడే. ఆకూ పువ్వూ లేని దుంపను చూసి తినే గడ్డ అనో, పిల్లిపీచర వేరనో పొరబడవచ్చు. పిల్లిపీచరకు తీగ నిండా ముళ్లు, సూదుల్లాంటి ఆకులు ఉంటాయి. తీగను చూడకుండా ఏ దుంపనూ తినకండి.

ఇందులోని విషం కోల్చిసిన్. ఉడికించినా పోదు. ఇది శరీరంలోని కణాల విభజనను ఆపేస్తుంది. అందుకే నిత్యం కొత్త కణాలు పుట్టే పేగులు, ఎముకల మజ్జ ముందుగా దెబ్బతింటాయి.

తిన్న కొన్ని గంటలకు గొంతులో మంట, వాంతులు, నీళ్ల విరేచనాలు మొదలవుతాయి. కలరా అనుకునే అవకాశం ఉంది. వాంతులు తగ్గాయని ఇంటికి తీసుకుపోకూడదు. రెండు మూడు రోజుల తరవాత రక్తకణాలు పడిపోవడం, మూత్రపిండాలు, గుండె దెబ్బతినడం జరగవచ్చు. బతికినవారికి ఒకటి రెండు వారాల్లో జుట్టు రాలుతుంది, మళ్లీ వస్తుంది.

దీనికి మామూలుగా దొరికే విరుగుడు మందు లేదు. కాబట్టి కాలయాపన పనికిరాదు. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించకండి. వెంటనే 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి చేర్చండి. మిగిలిన దుంపముక్క, దొరికితే తీగ కూడా వెంట తీసుకెళ్లండి. డాక్టరుకు సగం పని తేలికవుతుంది.

గర్భం పోగొట్టుకోవడానికీ, పాముకాటుకూ ఈ దుంపను నూరి మింగించడం కొన్నిచోట్ల ఉంది. అది ప్రాణంతో చెలగాటం. ఆయుర్వేదం దీన్ని ఉపవిషాల్లో చేర్చింది. శుద్ధి చేయనిదే వాడకూడదన్నది.

గౌట్ అనే కీళ్లజబ్బుకు డాక్టర్లు ఇచ్చే మందు ఈ కోల్చిసినే. ఆ మాత్రలో ఉండేది అర మిల్లీగ్రాము. దుంపలో ఎంత ఉందో కంటితో చూసి చెప్పగలవారెవరూ లేరు. పువ్వును చూసి ఆనందించండి. దుంపను భూమిలోనే ఉండనివ్వండి.