చూపుతో మందను కదిలించే కుక్క: బార్డర్ కోలీ

గొర్రెలను మళ్లించే కుక్క అనగానే మొరుగుతూ వెంటపడే జంతువు మీకు గుర్తుకు రావచ్చు. బార్డర్ కోలీ పనితీరు వేరు. అది తల దించి, ఒళ్లు నేలకు ఆనేలా వంగి, గొర్రెల మీద చూపు నిలిపి, చప్పుడు చేయకుండా అడుగులు వేస్తుంది. ఆ చూపుకే మంద కదులుతుంది. ఈ నేర్పు ఎలా వచ్చిందో పరిశీలిద్దాం.

తోడేలు వేటను గమనించండి. వెతకడం, చూపు నిలపడం, పొంచి నడవడం, తరమడం, పట్టుకోవడం, చంపడం ఇందులోని దశలు. కాపరులు తరతరాలుగా మంచి పనిమంతులైన కుక్కలనే ఎంచి పిల్లలు పెట్టించారు. దాంతో మొదటి దశలు బలపడి, చివరి రెండూ సన్నగిల్లాయి. గొర్రెకు మాత్రం వేటజంతువంటే భయం పోలేదు. కుక్క మందకు అవతలి వైపు నిలిస్తే, గొర్రెలు దానికి దూరంగా, అంటే కాపరి వైపు జరుగుతాయి.

ఈ జాతి పుట్టిల్లు ఇంగ్లండ్, స్కాట్లాండ్ సరిహద్దు కొండలు. బార్డర్ అంటే సరిహద్దే. 1893లో నార్తంబర్లాండ్‌లో ఆడమ్ టెల్ఫర్ దగ్గర ఓల్డ్ హెంప్ అనే మగకుక్క పుట్టింది. అరుపులు లేకుండా పనిచేసే ఈ కుక్కే నేటి బార్డర్ కోలీలకు మూలపురుషుడని చెబుతారు. 1906లో ఇంటర్నేషనల్ షీప్ డాగ్ సొసైటీ ఏర్పడింది. బార్డర్ కోలీ అన్న పేరు 1915 నుంచి వాడుకలోకి వచ్చింది.

పనిని బట్టి ఎంపిక జరిగింది కాబట్టి రూపంలో తేడాలు ఎక్కువ. ఎత్తు సుమారు 46 నుంచి 56 సెంటీమీటర్లు, బరువు 14 నుంచి 20 కిలోలు ఉంటుంది. నలుపు తెలుపు రంగులు సాధారణం. గోధుమ రంగువి, మెర్ల్ అనే మచ్చల రంగువి కూడా ఉన్నాయి. రెండు మెర్ల్ కుక్కలను జతకలిపితే పిల్లల్లో సగటున నాలుగింట ఒకదానికి రెండువైపుల నుంచీ ఆ జన్యువు అందుతుంది. అలాంటి పిల్లలకు చెవుడు, అంధత్వం వచ్చే ముప్పు ఎక్కువ. రంగు మోజుకు మూల్యం చెల్లించేది కుక్కపిల్ల.

ఇక స్వభావం. అమెరికాలో చేజర్ అనే బార్డర్ కోలీ 1,022 బొమ్మల పేర్లు గుర్తించగలిగిందని 2011లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. ఇంత చురుకైన కుక్కను రోజంతా గదిలో కట్టేస్తే ఏమవుతుంది? పని లేనంత మాత్రాన మళ్లించే ప్రవృత్తి పోదు. సైకిళ్లు, స్కూటర్లు, పరుగెత్తే పిల్లలు దానికి మందలా తోస్తాయి. మడమలు పట్టబోతుంది. మనం దాన్ని పొగరు అనుకుని కొడతాం. నిజానికి అది తన పనే చేస్తోంది.

అందువల్ల దీన్ని ఇంటికి తెచ్చుకునే ముందు ఒక ప్రశ్న వేసుకోండి: రోజూ దాని కాళ్లకు, మెదడుకు సరిపడా పని నేను ఇవ్వగలనా? ఇవ్వలేనంటే, దూరం నుంచి చూసి ఆనందించడమే మనం దానికి చేసే మేలు.