కూరలోని విషానికి కాంతి పరీక్ష

పాండేసర (సూరత్): వస్త్రాలకు రంగులద్ది అచ్చువేసే మిల్లులకు పేరుపొందిన పారిశ్రామికవాడ పాండేసర. సూరత్‌లోని ఈ మిల్లులను, మరమగ్గాలను నమ్ముకొని తెలంగాణ జిల్లాల నుంచి వలస వచ్చిన నేత కుటుంబాలు ఎన్నో దశాబ్దాలుగా నగరంలో స్థిరపడ్డాయి. సాయంత్రం సంతలో వారు కొనే ఆకుకూర ఎక్కడ పండిందో, ఏ నీటితో పండిందో చెప్పగలవారు అరుదు.

అద్దకంలో వాడే కొన్ని రంగుల్లో క్రోమియం, రాగి, కోబాల్ట్ వంటి లోహాలుంటాయి. బ్యాటరీలు, లోహపు పూతల పరిశ్రమల వ్యర్థాలలో సీసం, కాడ్మియం ఉంటాయి. సరిగా శుద్ధి చేయని వ్యర్థజలం ఏ ప్రాంతంలోనైనా పొలాలకు పారితే, అవి పంటలోకి చేరే ప్రమాదం ఉంది. మొక్క లోపలికి చేరిన లోహం ఉడికించినా నశించదు. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. కాడ్మియం మూత్రపిండాలను క్షీణింపజేస్తుంది. పాదరసం నాడీమండలాన్ని ఎంతగా కుంగదీస్తుందో జపాన్‌లోని మినమాటాలో 1956లో వెలుగుచూసిన వ్యాధి లోకానికి చాటింది.

ఆకుకూరల్లో సీసం కిలోకు 0.3 మిల్లీగ్రాములు, కాడ్మియం 0.2 మిల్లీగ్రాములు మించరాదన్నది అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంఘం కోడెక్స్ నిర్ణయం. ఇంత స్వల్ప పరిమాణాన్ని కొలవాలంటే నమూనాను గాఢ ఆమ్లాలలో కరిగించి, ఖరీదైన యంత్రాలపై నిపుణులు పరీక్షించవలసి ఉంటుంది. నివేదిక అందేసరికి ఆ కూర వండుకోవడం, తినడం కూడా పూర్తయి ఉంటుంది.

ఈ జాప్యాన్ని తగ్గించగల మార్గంపై సూరత్‌లోనే పరిశోధన సాగుతోంది. సర్దార్ వల్లభ్‌భాయ్ జాతీయ సాంకేతిక సంస్థ రసాయన శాస్త్ర విభాగంలో ఆచార్య సురేశ్ కుమార్ కైలాస బృందం కాంతినిచ్చే బంగారు, కర్బన నానో కణాలతో లోహాలను గుర్తించే పద్ధతులపై పనిచేస్తోంది. నానోమీటరు అంటే మీటరులో వందకోట్ల వంతు. ఇంత చిన్న కణాలలో కొన్ని అతినీలలోహిత కాంతి సోకగానే మెరుస్తాయి. దీనినే ప్రతిదీప్తి అంటారు. ఉదాహరణకు ప్రోటీను పూత గల బంగారు సమూహాలు ఎర్రగా వెలుగుతాయి. పాదరసం తగిలితే ఆ వెలుగు మసకబారుతుంది. ఎంత మసకబారిందో కొలిస్తే పాదరసం ఎంత ఉన్నదో తేలుతుంది. ఇదే కోవకు చెందిన క్వాంటం డాట్ల ఆవిష్కరణకు 2023లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

అయితే చిక్కులు లేకపోలేదు. స్వచ్ఛమైన నీటిలో చక్కగా పనిచేసే కణం పాలకూర రసంలో తడబడవచ్చు. ఆకులోని పత్రహరితం కూడా కాంతినిస్తుంది. ఒక లోహానికి బదులు మరొకటి వెలుగును ఆర్పవచ్చు. అందువల్ల ఇది ప్రయోగశాలకు ప్రత్యామ్నాయం కాదు. అనుమానాస్పద నమూనాలను ముందుగా వేరుచేసే జల్లెడ మాత్రమే. ఆ జల్లెడ ఆహార తనిఖీ అధికారి చేతికి చౌకగా, నమ్మదగినదిగా అందిన నాడే కార్మికుని కంచంలోని కూరకు తినకముందే పరీక్ష జరిగే అవకాశం కలుగుతుంది.