ఉస్తాదు మౌనం వహించరాదు

చలాకీ పిల్లవాడు హఠాత్తుగా ముభావి అవుతాడు. ఫలానా గదికి వెళ్ళనని మొండికేస్తాడు. తల్లిదండ్రుల కంటే ముందు దీన్ని పసిగట్టేది తరచు ఉపాధ్యాయుడే. లైంగిక అఘాయిత్యం జరిగిందని తెలిసినా, జరగవచ్చునన్న భయం కలిగినా పోలీసులకు తెలియపరచడం 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తప్పనిసరి. మౌనానికి 6 నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. తన సిబ్బంది నేరాన్ని దాచిన సంస్థాధిపతికి ఏడాది వరకు జైలు, జరిమానా. సద్భావంతో సమాచారమిచ్చినవారిపై మాత్రం ఏ కేసూ ఉండదు.

విద్యాహక్కు చట్టం మదర్సాలకు వర్తించదు గనుక ఇదీ వర్తించదని కొందరి భ్రమ. పోక్సోకు అటువంటి మినహాయింపు లేదు. పైగా ధార్మిక సంస్థల సిబ్బంది అక్కడే నేరం చేస్తే శిక్ష మరింత కఠినం. పరుల లోపాలను కప్పిపుచ్చాలన్న బోధను ఇక్కడ వల్లించేవారున్నారు. ఆ పరదా కాపాడేది దోషిని. మరి అమానత్‌గా అప్పగించిన బిడ్డ మాటేమిటి?

బిడ్డ నోరు విప్పితే ఓపికగా వినండి, గుచ్చి గుచ్చి ప్రశ్నించకండి. ‘ఎవరికీ చెప్పను’ అని మాటివ్వకండి. విన్నది అతని మాటల్లోనే రాసుకోండి. పోలీసులతో పాటు 1098కి కూడా ఫోను చేయవచ్చు. బిడ్డ పేరు మాత్రం స్టాఫ్ రూములోగానీ మొహల్లాలోగానీ పొక్కనీయకండి.