ఎడారి ధూళి - సంగీత వాద్యములు

అమెరికాలోని నెవాడా రాష్ట్రమున బ్లాక్ రాక్ అను ఎడారి కలదు. ‘బర్నింగ్ మాన్’ అను కళోత్సవము 1990లో ఇచ్చటికి వచ్చినది. వేసవి చివర వారము రోజులపాటు వేలకొలది జనులు ఇచ్చట గుడారములలో గడపుదురు. గిటారులు, డోళ్ళు, ధ్వనివర్ధకములు వెంట తెచ్చుకొందురు. అచ్చటి ధూళి వలన వారికిని, వారి వాద్యములకును హాని కలుగుచుండును. ఆ ధూళి స్వభావము తెలిసినచో రక్షణోపాయములు సులభముగా బోధపడును.

సుమారు 15,000 సంవత్సరముల క్రిందట ఈ ప్రాంతము లహాంటన్ అను మహాసరస్సులో మునిగి యుండెను. ఆ నీరు సముద్రమునకు పోవు దారి లేదు. నీరు ఆవిరి కాగా అడుగున మెత్తని ఒండ్రు, లవణములు మిగిలినవి. మన చవుడు నేల వంటిదే ఇదియును. పూర్వము బట్టలుతుకుటకు చవుడు వాడుటకు కారణము అందలి క్షారమే.

ఈ ధూళి మొదటి గుణము మెత్తదనము. మిల్లీమీటరులో వెయ్యవ వంతు ఒక మైక్రాను. తల వెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు. ఈ ధూళిలో 10 మైక్రానులకు లోబడిన కణములు అనేకము. ఇవి సందులలో దూరి, శబ్దము హెచ్చించు మరలోని కార్బను పట్టీపై చేరును. అందుచే గరగర ధ్వని పుట్టును. వర్ధకములోని పంకా గాలితోపాటు ధూళిని కూడ లోనికి లాగును. ధూళిపొర వేడిని బయటకు పోనీయదు. కావున వాయించనపుడు పరికరములను రబ్బరు అంచుగల మూతపెట్టెలలో ఉంచవలెను. పనిచేయుచున్న వర్ధకమును మాత్రము పూర్తిగా కప్పరాదు. గాలి పోవు దారికి వడపోత అమర్చి, తరచుగా దులుపవలెను. 2.5 మైక్రానులకు లోబడిన కణములు ఊపిరితిత్తుల లోతులకు చేరును. కనుక వాయించువారు ఎన్-95 రకపు ముసుగును, కంటికి అంటుకొని యుండు అద్దములను ధరింపవలెను.

రెండవ గుణము క్షారత్వము. ఉత్తకాళ్ళతో నడచినవారి పాదములు పగులును. నీరు కలిపిన వెనిగరుతో పాదములు కడిగి, పిమ్మట మంచినీటితో కడుగుదురు. వెనిగరులోని ఆమ్లము క్షారమును తటస్థపరచును. దీనిని తరగతిలోనే చూడవచ్చును. చాకలి సోడా ద్రావణములో ఎర్ర లిట్మసు కాగితము నీలమగును. వెనిగరు తగినంత కలిపినచో అది మరల ఎరుపగును. వాద్యమును మాత్రము మొదట మెత్తని కుంచెతో దులిపి, తరువాతనే తడిగుడ్డతో తుడువవలెను. ముందే తుడిచినచో కణములు పైపూతను గీయును.

మూడవది లవణగుణము. పొడి ధూళిగుండ విద్యుత్తు అంతగా ప్రవహింపదు. తడిసినచో లవణములు అయానులుగా విడివడి ప్రవాహమునకు దారి ఇచ్చును. 2023 సెప్టెంబరు ఆరంభమున వర్షము కురియగా ఎడారి బురదమయమై, వేలకొలది జనులు అచ్చటనే చిక్కుకొనిరి. అట్టి తడినేలపై నిలిచి విద్యుత్ వాద్యమును తాకుట ప్రాణాపాయము. సుమారు 5 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తు దారి తప్పినను సరఫరాను ఆపివేయు రక్షక మీటలు కలవు. వాటిని తప్పక అమర్చవలెను. విద్యుత్తు నిచ్చు జనరేటరును గుడారములో నడపరాదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడు వాసన లేని విషము.

ధూళి తుపాను లేచినచో మొదట ముసుగు ధరించి, పిదప విద్యుత్తు నాపి, పెట్టెలు మూసి, గాలి తగ్గువరకు కదలకుండుట క్షేమము.